జిగ్‌సా యంత్రము: కొనబోవు వడ్రంగులకు ఒక పాఠము

మన సంఘ సభ్యులలో వ్యవసాయముతోపాటు వడ్రంగము గూడ చేసికొను కుటుంబములు గలవు. పంట ఇంటికి చేరిన తరువాత, తొలకరి పడువఱకు, పొలమున పని యుండని మూడు నాలుగు మాసములలో తలుపులు, కిటికీలు, అలమారులు, బల్లలు చేసి యిచ్చి వారు సంపాదించు సొమ్ము ఆ యింటికి రెండవ పంట వంటిది. ఇట్టివారిలో కొందఱు సంఘమువలన చిన్న అప్పు తీసికొని కరెంటు పనిముట్లు కొనుచున్నారు. అందు జిగ్‌సా యను చిన్న ఱంపపు యంత్రమును గూర్చి అడుగువారు మిక్కిలి యెక్కువ. ఏ కంపెనీది కొనవలెను, ఎన్ని వాట్లది కొనవలెను అని అందఱి ప్రశ్న. ఆ రెండవ ప్రశ్నయే నన్ను ఈ పాఠము వ్రాయుటకు పురికొల్పినది. వాట్ల సంఖ్య నొక్కదానినే నమ్మి ఈ యంత్రమును కొన్నవాడు నష్టపడును. నేనును ఒకప్పుడు అట్లే నష్టపడితిని.

జిగ్‌సా యనునది చేతితో పట్టుకొని నడుపు యంత్రము. అడుగున చదునైన పాదపు రేకు, దాని నడుమ సందులోనుండి క్రిందికి దిగిన సన్నని బ్లేడు, పైన పిడి. ఇంతియే దాని రూపము. మోటారు తిరుగుచుండగా బ్లేడు కుట్టుమిషను సూదివలె నిమిషమునకు సుమారు 3,000 మారులు పైకిని క్రిందికిని ఆడుచుండును. ఈ పోలిక ఊరక చెప్పినది కాదు. 1946లో స్విట్జర్లండు దేశమున సింటిల్లా కంపెనీలో ఇంజనీరుగా నుండిన ఆల్బర్టు కాఫ్‌మన్ తన భార్య కుట్టుమిషనులో సూదిని ఊడదీసి, ఆ చోట ఱంపపు బ్లేడును బిగించి చూచెననియు, అందుండియే ఈ యంత్రము పుట్టెననియు చెప్పుదురు. మఱుసటి సంవత్సరమున అది లెస్టో యను పేర అంగళ్లలోనికి వచ్చెను. 1954లో ఆ కంపెనీ జర్మనీ దేశపు బాష్ కంపెనీ చేతిలోనికి పోయెను. నేడు మన పట్టణములలో దొరకు జిగ్‌సాలు ఎవరు చేసినవైనను వాని మూలసూత్రము ఆ కుట్టుమిషనుదే.

అయితే సూదికి పని పలుచని గుడ్డతో. బ్లేడునకు పని అంగుళము, అంగుళమున్నర మందపు కఱ్ఱతో. ఈ యంత్రముయొక్క బలహీనత యంతయు ఇచ్చటనే యున్నది. దుంగలు కోయు కోతపనివారిని మనలో పెద్దలు చూచియే యుందురు. దుంగను ఎత్తున నిలిపి, పైన నొకడును క్రింద నొకడును నిలిచి పెద్ద ఱంపమును లాగుచుండెడివారు. ఱంపమునకు రెండు కొనలయందును పట్టు ఉండుటచేత పలక మొదటినుండి చివరవఱకు నిలువుగా తెగెడిది. జిగ్‌సా బ్లేడునకు పట్టు పైకొనయందు మాత్రమే. క్రిందికొన గాలిలో వ్రేలాడుచుండును. కావున చేయి ప్రక్కకు త్రోసినను, పండ్లు మొద్దుపోయినను, కఱ్ఱలో ముడి అడ్డు వచ్చినను అది వంగిపోవును. పైనుండి చూచువానికి కోత గీతమీదనే పోవుచున్నట్లు కనబడును. అడుగున మాత్రము రెండు మూడు మిల్లీమీటర్లు తొలగియుండును. ఈ వంపును వీలయినంత తగ్గించునదియే మంచి జిగ్‌సా. కొనునపుడు చూడవలసిన ముఖ్య సంగతులు పెక్కు దీనినుండియే పుట్టుచున్నవి.

నా కథ చెప్పెదను. నేను మొదట కొన్న యంత్రపు పెట్టెమీద పెద్ద యక్షరములతో 800 వాట్లని యుండెను. ప్రక్కనున్న మఱియొకటి 450 వాట్లదే, కాని వెల దాదాపు రెండింతలు. తక్కువ వాట్లకు ఎక్కువ వెల యేల ఇయ్యవలెనని తలచి మొదటిదానినే తెచ్చుకొంటిని. అప్పుడు మా బావగారి గృహప్రవేశమునకు దేవుని గది తలుపులు చేయవలసియుండెను. పై పట్టె అంగుళమున్నర మందపు టేకు, దానికి కమాను వంపు. గీతవెంబడి తీరుగా కోసితినని తలచి రెండు ముక్కలను ఎదురెదురుగా నిలిపి చూచితిని. పై యంచులు కలిసినవి, అడుగుటంచులు కలియలేదు. ఆకురాయితో రాచి సరిచేయబోగా వంపే చెడినది. అట్లు నాలుగు టేకు పట్టెలు పాడైనవి. అంగడివాని నడుగగా బ్లేడు మంచిది కాదనెను. వెలగల బ్లేడు కొని వేసితిని. కొంత మేలనిపించెను గాని దోషము పోలేదు. తుదకు యంత్రమును తలక్రిందులు చేసి చూడగా, బ్లేడు వెనుక ఆనియుండవలసిన చిన్న చక్రపు గాడిలో బ్లేడు ఇటు నటు ఆడుచుండెను. పాదపు రేకు పలుచనిదగుటచే చేయి ఒత్తినప్పుడెల్ల ఒకవైపు వంగుచుండెను. ముహూర్తము ముంచుకొని రాగా ఆ కమానును చేఱంపముతోడను ఉలితోడను చేసి యిచ్చితిని. తప్పంతయు యంత్రముదే యని చెప్పను. వంపుమీద నేను తొందరపడి త్రోసినమాట నిజము. కాని మంచి యంత్రము అంతమాత్రపు తొందరను ఓర్చుకొనును.

ఈ యంత్రమువలన ఏ పని యగునో ఏ పని కాదో ముందు తెలిసికొనవలెను. వంపు కోతలకును, పలక నడుమ రంధ్రములు తీయుటకును దీనికి సాటి లేదు. కమాను కిటికీలు, దేవుని మందసపు నగిషీలు, ప్లైవుడ్డులో స్విచ్చిబోర్డు రంధ్రములు, తేనెటీగల పెట్టెకు చేతిపట్టు గంట్లు, కోళ్లగూటి ద్వారములు, బడిపిల్లల బల్లల గుండ్రని మూలలు దీనితో చక్కగా వచ్చును. ప్లాస్టిక్ డ్రమ్ము మూతను గాని, పలుచని జీఐ రేకును గాని తగిన బ్లేడు వేసి కోయవచ్చును. పొడుగు పలకలను నిలువునా చీల్చుటకు మాత్రము ఇది తగదు. పట్టె బిగించి దాని ప్రక్కన నడిపినను బ్లేడు తనదారిన తాను పోజూచును. ఆ పనికి గుండ్రని బ్లేడుగల సర్కులర్ సా కలదు. బండి చక్రపు వంపు చెక్కల సంగతి కొందఱు అడిగినారు. మూడు నాలుగు అంగుళముల తుమ్మకఱ్ఱను దీనితో వంపుగా కోయబూనుట యంత్రమును చంపుకొనుటయే. పట్టణమున బ్యాండ్‌సా గల కోతమిల్లులో ఆ పని చేయించుకొనుట చవుక. తమ పనిలో ముప్పాతికపాలు నిలువు కోతలే యున్నవారు జిగ్‌సా కొనుటకు తొందరపడనక్కఱలేదు.

అంగడికి పోవునపుడు సంచిలో చిన్న మూలమట్టమును, అంగుళమున్నర మందపు పనికిరాని కఱ్ఱముక్క నొకటిని వేసికొని పొండు. మొదట యంత్రమును తలక్రిందులు చేసి పాదపు రేకును చూడుడు. పోతపోసిన అల్యూమినియముదైనచో మేలు. ఇనుప రేకుదైనను మందముగా నుండి, అంచులు మడిచి బలముగా చేసినదైనచో పనికివచ్చును. బొటనవ్రేళ్లతో ఒత్తినపుడు లొంగునది పనికిరాదు. పిమ్మట బ్లేడు బిగింపించి మూలమట్టమును పాదపు రేకుమీద నిలిపి, ప్రక్కనుండి బ్లేడునకు ఆనించి చూడవలెను. పాదమును 45 డిగ్రీలవఱకు వాల్చుటకు వీలుండును. దానిని వాల్చి, మరల సున్నకు తెచ్చి బిగించినపుడు మూలమట్టము మరల సరిగా కూర్చొనుచున్నదా లేదా యనునది ముఖ్యము. రేకుమీద చెక్కిన డిగ్రీల గీతలను నేను ఎన్నడును నమ్మను.

రెండవది బ్లేడు వెనుకనున్న చిన్న చక్రము. దానిని రోలరు అందురు. దాని గాడిలో బ్లేడు వీపు ఒదిగి కూర్చొనవలెను. వ్రేలితో బ్లేడును ప్రక్కలకు మెల్లగా నెట్టి చూచినచో ఆట యెంతయున్నదో తెలియును. వెండ్రుకవాసి ఆట యుండుట సహజము. కంటికి స్పష్టముగా కనబడు ఆట యున్నచో ఎన్ని వాట్లున్నను దానిని విడిచిపెట్టుడు. మూడవది కోత పరీక్ష. తెచ్చిన కఱ్ఱముక్కమీద అర్ధచంద్రాకారముగా గీత గీసి, ఒత్తిడి లేక యంత్రము పోయిన వేగముననే పోనిచ్చి కోయుడు. తెగిన అంచునకు మూలమట్టము నానించి చూచినచో ఆ యంత్రముయొక్క గుణము అచ్చటనే బయటపడును. ఈ పరీక్షకు ఒప్పుకొనని అంగడివాడు దొరకినయెడల మఱియొక అంగడి చూచుకొనుట మేలు. పెద్ద పట్టణములలో ఒక యంత్రమును ప్రదర్శనకై తెఱచి యుంచువారు ఉందురు.

ఇక యంత్రపు వివరములలో నేను వాట్లకంటె ముందు చూచునది బ్లేడు ఒకసారి కదలు దూరము. చిన్న యంత్రములలో ఇది 18 మిల్లీమీటర్లు, పెద్దవానిలో 26 వఱకు ఉండును. దీని ప్రయోజన మేమన, అంగుళమున్నర మందపు కఱ్ఱలో బ్లేడు 18 మిల్లీమీటర్లే ఆడినచో నడుమనున్న పండ్లు కఱ్ఱలోనుండి ఎన్నడును బయటికి రావు. అవి కోసిన పొట్టు అక్కడనే చిక్కుకొనును. పొట్టు చిక్కిన బ్లేడు వేడెక్కును, వేడెక్కినది త్వరగా మొద్దుపోవును, మొద్దుపోయినది వంగును. పలుచని ప్లైవుడ్డు పనికి 18 చాలును. టేకు, మద్ది, వేప కఱ్ఱల ద్వారబంధపు పని చేయువాడు 23 మొదలు 26 వఱకు గలదానిని చూచుకొనవలెను.

బ్లేడునకు ముందుకు వెనుకకు ఊగు ఆట గూడ కొన్ని యంత్రములలో నుండును. దీనికి సున్న మొదలు మూడువఱకు అంకెలు గల మీట యుండును. బ్లేడు పైకి వచ్చునపుడు ముందుకు ఊగి కఱ్ఱను పట్టును, క్రిందికి పోవునపుడు వెనుకకు తగ్గి పొట్టునకు చోటిచ్చును. మెత్తని కఱ్ఱను త్వరగా కోయుటకు మూడు, గట్టి కఱ్ఱకు ఒకటి రెండు. ఇనుప రేకునకును, సన్‌మైకా అంటించిన పలకకును, ఇఱుకు వంపులకును సున్న. ఈ మీట లేని యంత్రమును వడ్రంగి కొనరాదనియే నా యభిప్రాయము. వేగమును హెచ్చించి తగ్గించు చక్రము గూడ అట్లే అవసరము. కఱ్ఱకు హెచ్చు వేగము చెల్లును. ప్లాస్టిక్కును హెచ్చు వేగమున కోసినచో అది కరగి, బ్లేడు వెళ్లిన దారి వెనుకనే మరల అతుకుకొనిపోవును.

వాట్ల మాట. యంత్రము కరెంటు తీగనుండి ఎంత తీసికొనునో ఆ సంఖ్య చెప్పును గాని, బ్లేడునకు ఎంత అందునో చెప్పదు. మేలైన 450 వాట్ల యంత్రము ఇంటి వడ్రంగమునకు సరిపోవును. ఏడాదిలో నెలలతరబడి గట్టి కఱ్ఱ కోయువానికి 650 మొదలు 800 వాట్లది తగును. అవి రెండున్నర కిలోల చుట్టుపట్ల తూగును. దినమంతయు ఒంటిచేత ఆ బరువు నడుపుట అలవాటు లేనివాని మణికట్టుకు తెలియును. కఱ్ఱలో 65 మిల్లీమీటర్లు కోయునని, 80 కోయునని పెట్టెమీద వ్రాయుదురు. అది అబద్ధము కాకపోవచ్చును, కాని నిలువు కోతకు చెప్పిన మాట. వంపు కోతకు అందులో సగమే మనదని నేను లెక్క వేసికొందును.

బ్యాటరీ యంత్రములు వచ్చినవి గదా, తీగగలది ఇంకను ఏల యని కుఱ్ఱవారు అడుగుదురు. తలుపులు బిగించుచు ఇల్లిల్లు తిరుగువానికి బ్యాటరీది సుఖమే. కాని బ్యాటరీ కొన్నియేండ్లకు ముసలిదగును. దానికి మరల పెట్టు సొమ్ము తక్కువ కాదు. ఇంటి సావడిలో ఒకచోట కూర్చొని పని చేసికొను సభ్యునికి తీగగల యంత్రమే చవుకగా పడును, పదేండ్లు నిలుచును. దాని చిక్కులు వేఱు, వానిని తెలిసికొనుడు.

మొదటి చిక్కు తీగ పొడవు. సాధారణముగా రెండు, రెండున్నర మీటర్ల తీగ యిత్తురు. ఎనిమిది అడుగుల ప్లైవుడ్డు పలక పొడవు 2.44 మీటర్లు. కావున పలక తుదకు చేరునప్పటికి తీగ బిగిసికొనును. లేదా పొడిగింపు తీగతో కలిపిన ప్లగ్గు పలకంచున తగుల్కొని యంత్రమును వెనుకకు గుంజును. ఆ ఒక్క గుంజుతో కోత చెడును. నాలుగు మీటర్ల తీగగలది దొరకినచో మంచిది. దొరకనిచో పొడిగింపు తీగను పైదూలమునకు వ్రేలాడగట్టి, తలమీదుగా దింపుకొనవలెను. తన తీగను తానే కోసికొనుట ఈ పనిలో కొత్తవారికి తఱచుగా జరుగు పొరపాటు. పైనుండి దిగిన తీగ బ్లేడునకు అందదు.

రెండవ చిక్కు వోల్టేజి. మన యిండ్లకు రావలసినది 230 వోల్టులు. మోటార్లన్నియు ఒకసారి నడచు వేళలలో చివరి ఊళ్లలో అది బాగుగా పడిపోవుట మనకు క్రొత్త కాదు. వోల్టేజి ఎంత తగ్గునో యంత్రపు సత్తువ అంతకంటె ఎక్కువగా తగ్గును. అప్పుడు వడ్రంగి బలముగా త్రోయును, మోటారు మెల్లగా తిరుగుచు వేడెక్కును, లోపలి గాలిఱెక్క గూడ మెల్లగా తిరుగుటచే వేడి పోదు. కాలిన వాసన వచ్చువఱకు ఆగరాదు. లైట్లు మసకబాఱినవేళ గట్టి కఱ్ఱ కోత మానుకొనుడు. కొందఱు దీనికంతకు పొడిగింపు తీగ సన్నముగా నుండుటయే కారణమందురు. లెక్క చూడుడు. 650 వాట్ల యంత్రము సుమారు 3 ఆంపియర్లు తీసికొనును. 30 మీటర్ల పొడవు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో దీనివలన పోవునది రెండు వోల్టులకు మించి పెద్దగా ఉండదు. సన్నతీగలో దానికి మూడింతలు పోవును. కాని గోడదగ్గఱనే 180 వోల్టులు వచ్చుచున్నచో ఎంత లావు తీగ వేసిన నేమి? తీగకంటె వదులైన అతుకును, నల్లబడిన ప్లగ్గును ఎక్కువ చెఱుపు చేయును. తీగను చుట్టకు చుట్టియుంచి వాడుటయు మంచిది కాదు, చుట్టలో అది వేడెక్కును.

మూడవది చాల ముఖ్యము. పెక్కు జిగ్‌సాలలో మీటను నొక్కిన స్థితిలోనే నిలుపు చిన్న బొత్తాము ఉండును. వ్రేలికి శ్రమ తగ్గునని అందఱు దానిని వాడుదురు. కోత నడుమ కరెంటు పోవును. యంత్రమును బల్లమీద పెట్టి మంచినీళ్లు త్రాగుటకు పోవుదుము. కరెంటు వచ్చినంతనే యంత్రము తనంత తానే లేచి ఆడుచు బల్లమీదినుండి దూకును. ఆ వేళకు ప్రక్కన పిల్లలుండినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. మరల మీట నొక్కినగాని కదలకుండు ఏర్పాటుగల యంత్రములు కొన్ని కలవు, అడిగి చూడుడు. అది లేనిచో కరెంటు పోయిన తక్షణమే ప్లగ్గు ఊడదీయు అలవాటు చేసికొనవలెను. యంత్రపు నామఫలకముమీద ఒక చతురస్రములో మఱియొక చతురస్రము గుర్తు ఉన్నచో అది రెండు పొరల రక్షణగలదని యర్థము. అట్టిదానికి రెండు పుల్లల ప్లగ్గే యుండును, ఎర్తు తీగ లేదని భయపడనక్కఱలేదు. అయినను తడినేల సావడులలో పని చేయువారు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి ఇంట పెట్టించుకొనవలెను.

బ్లేడు సగము యంత్రము. వేల రూపాయలు యంత్రమునకు పోసి, బ్లేడుదగ్గఱ పది రూపాయలకు వెనుదీయుట మన వడ్రంగులలో తఱచుగా కనబడు గుణము. బ్లేడు మొదట ఇంగ్లీషు టీ అక్షరమువలె రెండు చెవులుగలది నేడు అన్నిట సామాన్యముగా వాడుకలో నున్నది, యంత్రము దానిని పట్టునదై యుండవలెను. పనిముట్టు లేకయే మీట తిప్పి బ్లేడు మార్చు ఏర్పాటు మేలు. మఱతో బిగించుదానికి తాళపుచెవి వంటి పుల్ల కావలెను, ఆ పుల్ల కావలసినపుడు పొట్టులో పోయియుండును.

బ్లేడుల మీద అంకెలుండును, అవి పెక్కు కంపెనీలకు ఒక్కటే తీరుగా నుండును. టీ 144 డీ యనునది పండ్లు 4 మిల్లీమీటర్ల యెడముగలది, కఱ్ఱను త్వరగా కోయును, అంచు గఱుకుగా వచ్చును. టీ 101 బీ యనుదానిలో యెడము రెండున్నర, అంచు నునుపు. టీ 119 బీవో సన్ననిది, పలుచని పలకలో ఇఱుకు వంపులకు. టీ 118 ఏ ఇనుప రేకునకు. రేకు పలుచనైనకొలది పండ్లు దగ్గఱగా నుండవలెను, లేనిచో రేకు పండ్ల నడుమ తగుల్కొని దడదడ లాడును. లోహమును బట్టియు భేదము కలదు. మామూలు కార్బన్ ఉక్కు బ్లేడు మెత్తని కఱ్ఱకు చాలును. టేకులో సహజముగానే సిలికా యుండుటచే బ్లేడు త్వరగా అరుగును. తుమ్మయు అట్టిదే, గట్టిదనముచేత. వీనికిని, మేకులుండు పాత ద్వారబంధపు కఱ్ఱకును బైమెటల్ బ్లేడు కొనుడు. వెల హెచ్చు, కాని చాలకాలము నిలుచును.

పొడవు లెక్క సులభము. కఱ్ఱ మందమునకు బ్లేడు కదలు దూరమును కలిపి, దానిపై కొంచె మెక్కువ యుండవలెను. 38 మిల్లీమీటర్ల కఱ్ఱకు 26 కలిపిన 64, కావున పండ్ల భాగము 75 గల మామూలు బ్లేడు చాలును. చాలనిచో బ్లేడు కొన పైకి వచ్చినపుడు కఱ్ఱలోనికి దూరి, దిగునపుడు గ్రుద్దుకొని విఱుగును. అక్కఱకు మించిన పొడుగు బ్లేడు వంగుటకే. పలక అడుగున ఆ బ్లేడు కొన ఆడు మేరలో బల్లగాని, తీగగాని, మన తొడగాని ఉండరాదు. ఎడమచేతి వ్రేళ్లు పలక క్రింద పట్టి కోయు అలవాటు గలవారు ఆ యలవాటును ముందు మాని, తరువాత యంత్రము కొనుడు. పలకను క్లాంపుతో బిగించినచో పట్టుకొనవలసిన పనియే లేదు.

మఱియొక సంగతి. ఈ బ్లేడు పైకి వచ్చునపుడు కోయును. కావున పెచ్చులు పై ముఖమున లేచును. చేఱంపము త్రోసి కోయు అలవాటుచే మనము మంచి ముఖమును పైకి పెట్టుకొందుము, ఇచ్చట అది తలక్రిందులు. సన్‌మైకా తలుపును మంచి ముఖము క్రిందికి పెట్టి, వెనుకవైపున గీత గీసి కోయవలెను. అట్లు వీలుకాని చోట గీతమీద కాగితపు టేపు అంటించవచ్చును. పండ్లు తిరుగబడియుండు టీ 101 బీఆర్ బ్లేడు దీనికొఱకే చేసినది, కాని అది యంత్రమును పైకి నెట్టుచుండును, గట్టిగా అదిమి పట్టవలెను.

పిడి విషయమున వాదము అనవసరము. పైన కమ్మి పిడిగలది ఒకచేతికి సులభము. పిడి లేక యంత్రపు ఒడలినే పట్టుకొనునది వంపులకు ఎక్కువ అదుపు నిచ్చును. రెండును పట్టి చూచి చేతికి కుదిరినదానిని తీసికొనుడు.

కొనకముందు అంగడివానిని మఱియొక ప్రశ్న అడుగుడు. కార్బన్ బ్రష్షులును, రోలరును ఏ ఊరిలో దొరకును? మోటారులోని కార్బన్ బ్రష్షులు అరుగుటకే పుట్టినవి. అవి దొరకక మూలపడిన యంత్రములను నేను చాలచోట్ల చూచితిని. మరమ్మతు చేయువాడు తాలూకా పట్టణములోనైన నున్న కంపెనీదే మనకు కంపెనీ. బిల్లు తప్పక తీసికొనవలెను. పేరుగల కంపెనీల నకిలీలు బిల్లు లేని చోటనే అమ్ముడగును.

కఱ్ఱపొట్టును మనము లెక్కచేయము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో దానిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చినది. ముక్కు లోపలి భాగమునకు దానివలన ముప్పు. జిగ్‌సా గీతమీది పొట్టును గాలితో ఊదివేయును, ఆ గాలి మన ముఖముమీదికే వచ్చును. ముక్కునకు మాస్కు, కంటికి అద్దములు పెట్టుకొనుడు. పొట్టును పీల్చు గొట్టము తగిలించుటకు వెనుక రంధ్రముగల యంత్రమైనచో మఱియు మేలు.

కడపట మన సంఘమునకు ఒక సూచన. ఏడాదికి నాలుగు నెలలు మాత్రమే పని యుండు అయిదుగురు సభ్యులు అయిదు చవుక యంత్రములు కొనుటకంటె, సంఘము తరఫున ఒక మంచి యంత్రము కొని వంతులవారీగా వాడుకొనుట ఉచితము. ఐదు చవుకవాని వెలతో ఒక మేలైన 700 వాట్ల జిగ్‌సా, దానితో మంచి క్లాంపులు నాలుగు, ఆర్‌సీసీబీగల పొడిగింపు తీగ యొకటి వచ్చును. బ్లేడులు మాత్రము ఎవరివి వారే తెచ్చుకొనవలెను. ఉమ్మడి బ్లేడు ఎప్పుడును మొద్దుదే. యంత్రమును తీసికొనిపోవువాడు గుమాస్తా యెదుట మూలమట్టము పెట్టి పాదమును చూచి పుస్తకములో సంతకము చేయవలెను, తిరిగి యిచ్చునాడు బ్లేడు తీసి, రోలరుమీది పొట్టు తుడిచి, ఒక చుక్క నూనె వేసి, మరల అట్లే మూలమట్టము పెట్టి చూపవలెను. పాదము తప్పినచో దానిని ఎవరు క్రింద పడవైచిరో ఆ పుస్తకమే చెప్పును. వానకాలమున యంత్రమును సిమెంటు నేలమీద పెట్టక, పెట్టెలో ఉంచి అటకమీద భద్రపఱచుటయు, బ్రష్షులను ఆఱు నెలలకొకమాఱు తెఱచి చూపించుటయు గుమాస్తా పని.